నీలి టోపీ, ఎర్ర అస్తరు

నేను ఒక కుట్టు మిషనుని. కాలితో తొక్కేదాన్ని, నల్లదాన్ని, మెడ మీద బంగారు పూలు ఉన్నదాన్ని. ఇప్పుడా పూలు అరిగిపోయాయి గానీ, ఉన్నప్పుడు నన్ను చూసినవాళ్ళు పెళ్ళికూతురిలా ఉందన్నారు. పుట్టింది పంజాబులో ఒక కార్ఖానాలో. ఓడెక్కింది బొంబాయిలో. దిగింది తూర్పు ఆఫ్రికాలో ఒక రేవులో. ఏ దేశమని మాత్రం అడగకండి. పేరు చెబితే అక్కడి పార్టీలవాళ్ళు నన్ను మాదంటే మాదని కొట్టుకుంటారు. ఇప్పటికే ఒక పార్టీ నన్ను జప్తు చేసింది, ఇంకొకటి నాకు దండ వేసింది. రెండింట్లో ఏది ఎక్కువ అవమానమో మొత్తం విన్నాక మీరే చెప్పండి.

నన్ను రేవులో దింపుకున్నది జయంతీభాయి అనే గుజరాతీ షావుకారు. కిత్తనార తోటల మధ్య ఒక చిన్న బజారు ఊళ్ళో ఆయన బట్టల కొట్టు. ఆ దేశంలో ఒక పద్ధతుంది. కొట్టు లోపల షావుకారు గుడ్డ అమ్ముతాడు, బయట అరుగు మీద దర్జీ కూర్చుని కుడతాడు. లోపల కొన్న గుడ్డ గడప దాటగానే చొక్కా అయిపోతుంది. ఆ అరుగు మీది దర్జీ పేరు మ్జీ షోమరి. మ్జీ అంటే పెద్దాయన. మొదట నేను ఆయన కాళ్ళకి అలవాటు పడ్డాను.

సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు ఇనుప కాళ్ళతో సహా నన్ను మోసుకెళ్ళడం ఒక్క మనిషివల్ల కాదు. అందుకని మ్జీ నన్ను అరుగు స్తంభానికి గొలుసేసి కట్టి, నా సూది కింద ఉన్న రేకు పక్కకి జరిపి, బాబిన్ కేసు తీసి జేబులో వేసుకునేవాడు. కింది దారం ఉండే ఉక్కు డబ్బీ అది, ఉసిరికాయంత ఉంటుంది. అది లేకుండా నన్ను ఎంత తొక్కినా సూది గుడ్డని పొడుస్తుంది తప్ప కుట్టు పడదు. "గొలుసు తెంచుకుపోతే పోనీ. ఇది నా జేబులో ఉన్నంతకాలం మిషను నాదే" అనేవాడు. ఆ మాట ఆయన పక్కన కూర్చుని బొత్తాలు కుట్టే కూతురు విన్నది. నేనూ విన్నాను.

అప్పుడు ఆ దేశంలో ఒకటే పార్టీ. దాని గుర్తు లాంతరు, దాని రంగు ఎరుపు. ఒకటే పార్టీ అయితే ఎన్నికలెందుకని మీకు అనుమానం రావచ్చు. ఎన్నికలు శుభ్రంగా జరిగేవి. ఇద్దరు నిలబడేవారు, ఇద్దరూ లాంతరు వాళ్ళే. చదువు రానివాళ్ళ కోసం ఒకరికి పార గుర్తు, ఇంకొకరికి ఇల్లు గుర్తు ఇచ్చేవారు. పార గెలిచినా లాంతరే, ఇల్లు గెలిచినా లాంతరే. ఓడినవాడు కూడా మా పార్టీ గెలిచిందని ఊరేగేవాడు. మనుషులకి ఇంత సుఖమైన ఓటమి మళ్ళీ దొరకలేదు.

ఒక ఏడు అధ్యక్షుడు మా ఊరు వస్తున్నాడని మ్జీకి పెద్ద పని తగిలింది. ఎర్రగుడ్డ మీద పసుపు లాంతర్లు అచ్చేసిన తానులు లారీలో వచ్చాయి, జెండాలు కుట్టమని. సగం కుట్టాక అధ్యక్షుడు రావడం లేదని కబురొచ్చింది. మిగిలిన గుడ్డ తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. పోనీ వాడుకుందామా అంటే ప్రాణం మీదికొస్తుంది. చిరిగిన జెండాని పసిబిడ్డ కింద పరిచిందని పక్క వీధి ఆవిణ్ణి పార్టీ ఆఫీసుకి పిలిపించి, మధ్యాహ్నమంతా ఎండలో నిలబెట్టారు. పిలిపించినవాడు బజారు శాఖ అధ్యక్షుడు, పేరు చాందే. ఆయన్ని అందరూ బ్వానా చాందే అనాలి. బ్వానా అంటే అయ్యగారు. మ్జీ ఆ తానుల్ని రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. కాలం చేసే ముందు నన్నూ, తాళంచెవినీ కూతురికి అప్పజెప్పాడు.

ఆ దేశంలో తల్లిని పెద్దబిడ్డ పేరుతో పిలుస్తారు. అక్కడ మామా అంటే అమ్మ, అందుకని ఈవిడ మామా బహతి. భర్త లేడు, కూతురు బహతి రేవు పట్నంలో కాపురం. మిగిలిన రక్తసంబంధం ఒక్క తమ్ముడు, కిత్వానా. అతన్ని ఎత్తుకుని పెంచింది ఈవిడే. మన దేశంలో కొన్నిచోట్ల దాదా అంటే అన్న. వాళ్ళ స్వాహిలీలో దాదా అంటే అక్క. కిత్వానా "దాదా" అని పిలిస్తే చాలు, ఎంత పనిలో ఉన్నా ఆమె నా చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేసేది.

తరవాత ఒకరోజు రేడియోలో చెప్పారు, ఇకనుంచి ఎన్ని పార్టీలైనా పెట్టుకోవచ్చని. ఇంకేం, తొలకరికి పుట్టగొడుగుల్లా లేచాయి. నాగలి పార్టీ, కొబ్బరిచెట్టు పార్టీ, తాళంచెవి పార్టీ, అన్నిటికన్నా పెద్దది పడవ పార్టీ, నీలం రంగు. మామా బహతి ఎవరినీ కాదనలేదు, అందరికీ కుట్టింది. నిన్నటిదాకా ఎర్రచొక్కా కుట్టించుకున్నవాళ్ళే వచ్చి నీలం చొక్కాకి కొలతలిచ్చారు. నడుం దగ్గర కాస్త పెరిగింది తప్ప కొలతలేమీ మారలేదు.

కిత్వానా కూడా అలా మారినవాడే. లాంతరు యువజన విభాగంలో గొంతు చించుకున్నవాడు, చాందే తన అల్లుడికి పదవి ఇచ్చుకునేసరికి అలిగి పడవెక్కాడు. కానీ ఎక్కాక మనసారా ఎక్కాడు. ఊరూరా తిరిగాడు, దెబ్బలు తిన్నాడు. పడవ వాళ్ళలో కొందరు మాత్రం అతన్ని నమ్మేవారు కాదు. "పాత లాంతరు. ఒత్తి ఆరినా నూనె వాసన పోదు" అని అరుగు దగ్గరే అనుకునేవారు. అది విన్నప్పుడల్లా మామా బహతి కాలు నా మీద తడబడేది.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. రాజధాని నుంచి పడవ పార్టీ పెద్దనాయకుడు వస్తున్నాడు, బజారు ముందరి మైదానంలో సభ. మూడు వందల టోపీలు కావాలని కిత్వానా నీలిగుడ్డ తెచ్చి పడేశాడు. చవక గుడ్డ. మొదటి టోపీ పక్క అరుగు మీది గడియారాల ఆయన తలకి పెట్టి చూశారు. ఎండలో కాసేపు నిలబడ్డాడో లేదో, చెమటకి రంగు కారి నుదురంతా నీలమైపోయింది. అంటే లోపల అస్తరు వెయ్యాలి. అస్తరుకి గుడ్డ లేదు. జయంతీభాయి అప్పటికే కొట్టు మూసి చుట్టాలింటికెళ్ళిపోయాడు. ఎన్నికలొస్తే ఆయనకి చుట్టాల మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

ఊరు అప్పుడు ఉడికిపోతోంది. తోటల్లో రెండు పార్టీల కుర్రాళ్ళు కర్రలతో కొట్టుకున్నారు, ఒకతని చెయ్యి విరిగింది. మైదానానికి అవతల లాంతరు ఆఫీసు డాబా ముందు పోలీసు లారీ వచ్చి ఆగింది, ఆగినది కదల్లేదు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అరుగు మీద నా టకటక ఒక్కటే వినిపిస్తోంది, నాకే అది ఎక్కువగా అనిపించింది. ఇనుముకి భయమేమిటంటారా? నన్ను తొక్కే కాళ్ళు రక్తమాంసాలవి. ఆ భయం నాలోకి రాకుండా ఎలా ఉంటుంది?

చివరికి ఆమె రేకుపెట్టె తెరిచింది. ఎర్రతాను తీసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "టోపీ లోపల ఎవరు చూస్తారు?" అనుకుని కత్తెర పట్టింది.

ఆ మాట తప్పని ఆమెకి తోచకపోవడానికి కారణం ఉంది. ఆమెది మసీదుకెళ్ళే ఇల్లు. తండ్రి జన్మంతా కుట్టినవి ముస్లిముల టోపీలు. ఆ ఇళ్ళలో మగవాడు దేవుడి ముందుకెళ్ళేటప్పుడు టోపీ పెట్టుకుంటాడు. ఉన్న టోపీ తీసి ప్రార్థన చేసే మనుషులుంటారన్నది ఆమెకి తెలియని సంగతి కాదు, గుర్తురాని సంగతి. కిత్తనార తోటల్లో కూలికి కొండప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు సగానికి సగం చర్చికెళ్ళేవాళ్ళు. పడవ పార్టీ బలమంతా వాళ్ళే.

సభరోజు మైదానం నిండిపోయింది. అరుగు మీంచి నాకు అంతా కనబడుతోంది. వేదిక మీద పెద్దనాయకుడు, పక్కన కిత్వానా, ముందర మూడు వందల నీలిటోపీలు, తోపులాటలో అందుకుని లోపలికి చూసుకోకుండానే తలకి తగిలించుకున్నవి. మామా బహతి నా పక్కన నిలబడి చూసుకుని మురిసిపోయింది. సభ ఆరంభంలో అక్కడ రెండు ప్రార్థనలు చేస్తారు, ఎవరికీ కోపం రాకుండా. ముందు మౌల్వీ దువా చదివాడు. చేతులు పైకి లేచాయి, టోపీలు తలల మీదే ఉన్నాయి. తరవాత పాద్రీ ముందుకొచ్చి, "తలలు వంచి ప్రార్థిద్దాం" అన్నాడు.

తోటకూలీలు టోపీలు తీశారు. తీసి, లోపలివైపు పైకొచ్చేలా రెండు చేతులతో గుండెల దగ్గర పట్టుకున్నారు. నీలి మైదానం సగం ఎర్రబడింది. ప్రతి గుండె మీదా పసుపు లాంతరు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. పాద్రీ కళ్ళు మూసుకుని చదువుతూనే ఉన్నాడు. ఒకడు తన టోపీలోకి చూశాడు, పక్కవాడి టోపీలోకి చూశాడు. "లాంతరు!" అని అరిచాడు. ప్రార్థన అక్కడ తెగిపోయింది. పెద్దనాయకుడు వేదిక దిగి కారెక్కాడు. "టోపీలు తెచ్చిందెవడు? కిత్వానా! మనల్ని లాంతరుకి అమ్మేశాడు, దొంగ!" అన్న కేక పుట్టింది. ఆ దేశంలో బజార్లో దొంగ అన్న కేక వినబడితే అందరి చేతుల్లోకీ రాళ్ళొస్తాయి. నిజమో కాదో తేలేలోపు మనిషి ప్రాణం పోతుంది. కిత్వానా చొక్కా పట్టి కిందికి లాగారు. అతను లేచాడు, పడ్డాడు, మళ్ళీ లేచి అరుగువైపు పరిగెత్తుకొచ్చాడు. గుంపు వెనకే వచ్చి మళ్ళీ చొక్కా పట్టుకుంది. పెదవి చీలి రక్తం కారుతోంది. "దాదా!" అన్నాడు.

అవతల డాబా మీద బ్వానా చాందే చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పోలీసులు కదల్లేదు. పడవ వాళ్ళు పడవ వాణ్ణి చంపుకుంటే వాళ్ళకేం నష్టం?

మామా బహతికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే తమ్ముడు పోతాడు. నిజం చెబితే, లాంతరు జెండా గుడ్డని కోశానని చాందే చెవిలో తనే వేసినట్టు. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. చెప్పులు వదిలి నా బల్ల ఎక్కింది. ఎప్పుడూ నా కింది పలక మీద ఉండే ఆ పాదాలు మొదటిసారి నా నెత్తికొచ్చాయి. నేను నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడ్డాను.

"ఆగండ్రా! వాడికేం తెలీదు. ఆ గుడ్డ వేసింది నేను!"

"లాంతరోళ్ళు వెయ్యమన్నారా?" అని ముందువరసలో రాయి పట్టుకున్నవాడు అడిగాడు.

"వాళ్ళెక్కడైనా వాళ్ళ జెండానే కోయిస్తారా? బుద్ధుందా నీకు? మీ నీలం మీ మొహాలకి కారుతోందని వేశాను. నా దగ్గర అదే గుడ్డుంది, అదే వేశాను."

"అబద్ధం! లాంతరు గుడ్డ ఇంట్లో దాచుకుందంటే లాంతరు మనిషే!"

"అలాగా? మరి మీ ఇంట్లో ఏం లేదా?" ఆమె గుంపు వెనక నిలబడ్డ ఆడవాళ్ళవైపు చెయ్యి చాపింది. "అమ్మా, ఒక్కసారి చెప్పండే. మీ నడుములకున్న కాంగాల మీద ఏ బొమ్ముంది?"

కాంగా అంటే అక్కడి ఆడవాళ్ళు చుట్టుకునే గుడ్డ. ఒకటే పార్టీ ఉన్న రోజుల్లో ప్రతి పండక్కీ లాంతరు వాళ్ళు పంచిపెట్టారు. చిరిగేదాకా ఎవరు పారేస్తారు? ఒక ముసలమ్మ నవ్వి, పైన కప్పుకున్న నీలిగుడ్డ పక్కకి తీసి నడుము చూపించింది. ఎర్రకాంగా, వెలిసిన లాంతరు. ఇంకొకామె చూపించింది, మరొకామె. రాయి పట్టుకున్నవాడి పెళ్ళాం కూడా వాళ్ళలో ఉంది. "ఇది నువ్వు మోసుకొచ్చిందేనయ్యా" అంది మొగుడితో. ఎవరో నవ్వారు. రాయి కిందపడింది. కిత్వానా చొక్కా వదిలేశారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ గుంపు రెండుగా చీలి దారిచ్చింది, ఆ దారిలో బ్వానా చాందే నడిచొచ్చాడు, వెనక పోలీసులు.

"అందరూ విన్నారు గదా" అన్నాడు మెల్లగా. "పార్టీ జెండా కోశానని తనే చెప్పింది. మామా బహతీ, కోశావా లేదా?"

"కోశాను, బ్వానా."

"మరి దేంతో కోశావో, దేంతో కుట్టావో, అది మా స్వాధీనం."

ఆమె తమ్ముడి వంక చూసింది. తన కోసం బల్లెక్కిన అక్క తరపున అతను ఒక్కమాట అంటాడని నేను ఎదురుచూశాను. ఆ మైదానంలో అంతమంది ఉన్నారు, అందరూ కలిసి ఒక్కడుగు ముందుకేస్తే చాందే వెనక్కి వెళ్ళేవాడు. కిత్వానా వంగి కిందపడిన టోపీ తీసుకుని దుమ్ము దులిపాడు. దులుపుతూనే ఉన్నాడు.

పోలీసులు నన్నెత్తబోతుంటే ఆమె, "ఉండండయ్యా, సూది గుచ్చుకుంటుంది" అని వంగింది. సూది తీస్తున్నట్టే చేసి, రేకు జరిపి బాబిన్ కేసు తీసుకుంది. కాంగా కొసలో పెట్టి ముడివేసింది. తండ్రి మాట ఆమెకి గుర్తుంది. ఆమెని స్టేషనుకి తీసుకెళ్ళి సాయంత్రానికి వదిలేశారు. నన్ను మాత్రం వదల్లేదు.

లాంతరు ఆఫీసు వెనకగదిలో చిరిగిన పోస్టర్ల మధ్య నా ఏళ్ళు గడిచాయి. చాందే ఇద్దరు ముగ్గురు దర్జీలని తెచ్చి జెండాలు కుట్టించబోయాడు. వాళ్ళు తొక్కారు, నేను గుడ్డని పొడిచాను, కుట్టు పడలేదు. నాలాంటి పాతరకానికి సరిపోయే కేసు ఆ బజార్లో ఎక్కడా దొరకలేదు. కిటికీలోంచి చూస్తే బజారు మూల మామా బహతి గోనె మీద కూర్చుని చేత్తో బొత్తాలు కుడుతూ కనిపించేది. అరుగు మీద ఇంకెవరో కూర్చున్నారు. ఆమె వేళ్ళు వంకరపోవడం ఏడాదికేడాది చూశాను. చాలా బాధపడ్డాను.

ఆసారి లాంతరే గెలిచింది, తరవాతి ఎన్నికల్లో పడవ గెలిచింది. నన్నిక అరుగు మీదికి తీసుకెళ్తారనుకున్నాను. అంత అమాయకురాలిని. ఒక్క వానాకాలం గడవకముందే బ్వానా చాందే నీలిచొక్కా తొడుక్కుని, లాంతరు ఆఫీసు ఉన్న తన డాబాని పడవ పార్టీకి ఇచ్చేశాడు. గోడలకి నీలం సున్నం వేశారు. కుర్చీలో కిత్వానా కూర్చున్నాడు, పక్కకుర్చీలో సలహాదారు చాందే. నన్ను వెనకగదిలోంచి ముందుగదికి జరిపారు, అంతే. దుమ్ము తుడిచి, పూలదండ వేసి, పైన ఒక బోర్డు పెట్టారు: పోరాటకాలపు తొలి టోపీలు కుట్టిన మిషను. నా పక్కన అద్దాల పెట్టెలో ఒక పాత నీలిటోపీ. చెక్క తలకాయకి తొడిగి చుట్టూ మేకులు కొట్టారు, లోపలివైపు ఎవరికీ కనబడకుండా.

ప్రారంభోత్సవానికి పెద్దనాయకుడు వచ్చాడు, ఆ రోజు కారెక్కిపోయినవాడే. ఇప్పుడు మంత్రి. ఆయన చూస్తుండగా నా మీద ఒక టోపీ కుట్టి ఆయన తలకి పెట్టాలని కిత్వానా సరదా. పట్నం దర్జీని పిలిపించారు. దర్జీ తొక్కాడు. సూది లేచింది, దిగింది, దారం పోగు కూడా గుడ్డకి పట్టలేదు. గదిలో గుసగుసలు. దర్జీ కిందికి వంగి చూసి, "బ్వానా, దీంట్లో బాబిన్ కేసు లేదు" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళలోంచి మామా బహతి ముందుకొచ్చింది. జుట్టు నెరిసింది, నడక మారింది. నా ముందు ఆగి, కాంగా కొస ముడి విప్పి, అరచేతిలో పెట్టి చూపించింది. ఇన్నేళ్ళూ నూనె రాస్తూ వచ్చినట్టుంది, మెరుస్తోంది.

కిత్వానా గొంతు తగ్గించి, "దాదా, ఇటివ్వు" అని చెయ్యి చాపాడు.

"ఇస్తాను. ముందు ఆ టోపీ మేకులు ఊడదీయి. లోపలేముందో అయ్యగారికి చూపించు. ఎందుకుందో నీ నోటితో చెప్పు. ఆ రోజు నేను చెప్పాను గదా, ఇవాళ నువ్వు చెప్పు. చెప్పి నా మిషను నాకిచ్చెయ్."

కిత్వానా పెదవి మీద పాత మచ్చ కదిలింది. ఒక్కమాట చాలు, నేను అరుగెక్కుతాను, ఆమె గోనె మీంచి లేస్తుంది. నా ఇనుమంతా చెవులు చేసుకున్నాను. మంత్రి చాందే వైపు వంగి, ఎవరీమె అని అడిగాడు. చాందే నవ్వి కిత్వానా వైపు చూశాడు.

"బజార్లో బొత్తాలు కుట్టే ఆవిడ, బ్వానా" అన్నాడు కిత్వానా. తరవాత గొంతు పెంచి, "మిషను పాతదైపోయింది, పాడైంది. అయినా ఇది మన చరిత్ర. చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. మామా బహతి బాబిన్ కేసుని మళ్ళీ కాంగా కొసలో పెట్టి, ముడి రెండుసార్లు బిగించింది. నా చక్రం మీద ఒకసారి చెయ్యి ఆనించి వెళ్ళిపోయింది.

ఆ వెంటనే జాతీయగీతం మొదలైంది. అందరూ టోపీలు తీశారు. ఇవి విదేశం నుంచి ఓడలో వచ్చిన టోపీలు, చవకవి, లోపల అస్తరు లేనివి. గదిలో ఉక్క. మంత్రి నుదుటి మీద నీలం పట్టీ, చాందే నుదుటి మీద నీలం పట్టీ, కిత్వానా మొహం మీద కనుబొమల దాకా కారిన నీలం. ఒకరినొకరు చూసుకున్నారు. అందరికీ ఉంది కాబట్టి ఎవరూ నవ్వలేదు.

ఇప్పటికీ నేను ఆ ముందుగదిలోనే ఉన్నాను. బడిపిల్లలు వరసలో వచ్చి బోర్డు చదివి వెళ్తుంటారు. నేను పాడైపోయానని వాళ్ళకి చెబుతారు. నేను పాడవలేదు. ఆ మూల గోనె మీద కూర్చున్న మనిషి కాంగా కొసలో ఒక ముడి ఉంది, అది విప్పిన రోజున కుడతాను. కిటికీలోంచి ఆమె కనబడినంతసేపూ చూస్తూ ఉంటాను.